పాడుతున్నది గొంతా, పెన్‌డ్రైవా?

నల్లగొండలోనో, సూర్యాపేటలోనో, పాలమూరులోనో ఏదైనా పెద్ద మ్యూజికల్ నైట్ జరిగిందంటే మర్నాడు పొద్దున్నకల్లా ఫోన్లలో రెండు రకాల వీడియోలు తిరుగుతాయి. ఒకదాంట్లో స్టేజీ ముందు కుర్రాళ్ళు ఎగురుతుంటారు. రెండోది పక్క నుంచి తీసింది. గాయకుడు నవ్వుతూ మైకు దించి ఎవరికో చెయ్యి ఊపుతాడు, పాట మాత్రం ఆగకుండా సాగిపోతుంటుంది. దాని కింద ఒక్క ముక్క: "ఏం పాడిండు బై, అంతా ట్రాకే." పది సెకన్ల వీడియో, చూసినవాళ్ళంతా జడ్జీలే.

ఈ ఆరోపణ కొన్నిసార్లు నూటికి నూరుపాళ్ళు నిజం, కొన్నిసార్లు పచ్చి అన్యాయం. ఎక్కువసార్లు మాత్రం తిట్టేవాళ్ళూ వెనకేసుకొచ్చేవాళ్ళూ ఒకే సంగతి మాట్లాడరు. ఒకరు గొంతు గురించి అంటుంటే ఇంకొకరు వాయిద్యాల గురించి జవాబు చెబుతుంటారు. జనం గాయకుణ్ణి తిడుతుంటే, ఆ నిర్ణయం తీసుకున్నది కమిటీ వాళ్ళో టీవీ వాళ్ళో అయి ఉంటుంది. కాబట్టి ముందు ట్రాకు సంగతి తేల్చుకుని, మనిషి దగ్గరికి తర్వాత వద్దాం.

ట్రాకులో ఏముంది, ఏం లేదు

మన దగ్గర ఎక్కువగా నడిచేది మైనస్ ట్రాక్. పాటలోంచి గొంతు తీసేసి వాయిద్యాలు మాత్రం ఉంచుతారు. కరోకే అన్నా అదే. దాని మీద గాయకుడు నిజంగానే పాడతాడు. శ్రుతి తప్పితే తప్పింది ఆయనే, చరణం చివర దమ్ము చాలకపోతే అదీ ఆయన ఖాతాలోదే. రిసెప్షన్లలో, ఫ్రెషర్స్ డేలలో, గణేశ్ మండపాల దగ్గర మనం వినేది చాలావరకు ఇదే. దీన్ని పట్టుకుని "పాడలేదు" అనడం తప్పు. పాడాడు, వాయించినవాళ్ళే లేరు.

కొన్ని ట్రాకుల్లో కోరస్ కూడా ఉంటుంది. వెనకాల "ఓహో" అనేవాళ్ళు స్టేజీ మీద కనపడరు, వినపడతారు. దీనిమీద పెద్దగా ఎవరూ గొడవ పడరు.

ఇంకో మెట్టు దిగితే గైడ్. గాయకుడి గొంతునే ముందుగా రికార్డు చేసి ట్రాకులో సన్నగా ఉంచుతారు. పైన ఆయన లైవ్‌గా పాడుతుంటాడు. ఎగిరి గంతేసే స్టెప్పు దగ్గర లైవ్ గొంతు పల్చబడితే అడుగున ఉన్న గొంతు ఆదుకుంటుంది. ఇది పాలలో నీళ్ళ వ్యవహారం లాంటిది. కలిపారా లేదా అన్నదానికంటే ఎంత కలిపారన్న దగ్గరే తగువు. మిక్సర్ ముందు కూర్చున్నవాడు ఒక ఫేడర్‌ని, అంటే శబ్దం పెంచే తగ్గించే మీటను, రెండంగుళాలు పైకి నెడితే గైడ్ కాస్తా పూర్తి పాటైపోతుంది. ఎదురుగా ఉన్న జనానికి ఆ రెండంగుళాలు కనపడవు.

అన్నిటికంటే కింద ఫుల్ ట్రాక్. గొంతూ అందులోదే, వాయిద్యాలూ అందులోవే. మైకు కట్టేసి ఉంటుంది, లేదా పాటల మధ్య నాలుగు మాటలు మాట్లాడటానికి మాత్రమే తెరుస్తారు. అచ్చమైన లిప్ సింక్ అంటే ఇదీ. ఇందులో కూడా ఆ రికార్డు గొంతు స్టేజీ మీదున్న మనిషిదా, ఇంకొకరిదా అన్న తేడా ఉంది. ఆ తేడా చిన్నది కాదు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. గొంతు విషయంలో ఇంత పట్టుదలగా ఉండే మనం వాయిద్యాల దగ్గరికి వచ్చేసరికి ఏమీ పట్టించుకోం. రోలాండ్ కంపెనీ మొదటి ఆక్టోప్యాడ్‌ను 1985లో తెచ్చింది. ఎనిమిది రబ్బరు పలకలు, పుల్లతో కొడితే డోలక్కో తబలానో మోగుతుంది. అది వాయించడమే, అందులో అనుమానం లేదు. కానీ తర్వాత వచ్చిన ప్యాడ్లలో ఒక్క దెబ్బకు నాలుగు బార్ల తీన్‌మార్ మొత్తం మోగేలా పెట్టుకోవచ్చు. కొట్టింది ఒక్క దెబ్బ, మోగింది పది మంది డప్పు. కీబోర్డు సంగతీ అంతే. ఎడమ చేత్తో కొన్ని మీటలు కలిపి నొక్కి ఒక కార్డ్ పట్టుకుంటే డ్రమ్సు, బేసు, గిటారు అన్నీ పెట్టె లోపలి నుంచే వస్తాయి. ఒక్క మనిషి నలుగురి పని చేస్తాడు, ఆ నలుగురు ఇంటి దగ్గర ఉంటారు. అతన్ని "మోసగాడు" అని వీడియో తీసినవాళ్ళెవరూ నాకు తగల్లేదు.

దొరికినవాళ్ళ కథలు

అన్నిటికీ పెద్ద కథ మిల్లి వనిల్లిది. రాబ్ పిలాటస్, ఫాబ్ మోర్వాన్ అని ఇద్దరు కుర్రాళ్ళు, జర్మనీలో తయారైన జంట. 1989 జూలైలో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో స్టేజీ మీద ఉండగా రికార్డు ఒకేచోట ఇరుక్కుపోయి, ఒకే ముక్క పదే పదే మోగింది. కాసేపు ఆడి, ఇక లాభం లేదని పిలాటస్ స్టేజీ దిగి పరిగెత్తాడు. అంత జరిగినా ఆ వెంటనే వాళ్ళకేం కాలేదు. 1990 ఫిబ్రవరిలో ఉత్తమ నూతన కళాకారుల గ్రామీ అవార్డు కూడా వచ్చింది. అదే ఏడాది నవంబరులో నిర్మాత ఫ్రాంక్ ఫారియన్, ఆల్బమ్‌లో గొంతులు వీళ్ళవి కావని బయటపెట్టాక అవార్డు వెనక్కి తీసుకున్నారు.

దీన్ని అందరూ లిప్ సింక్ కేసుగానే చెబుతారు. నాకు మాత్రం స్టేజీ మీద జరిగింది ఇందులో చిన్న భాగంగా కనిపిస్తుంది. క్యాసెట్ అట్టమీద బొమ్మ ఒకరిది, లోపల గొంతు ఇంకొకరిది. పాడినవాళ్ళకు పేరు రాలేదు, పెదాలు ఆడించినవాళ్ళకు పరువు మిగల్లేదు, ఏర్పాటంతా చేసిన నిర్మాత వ్యాపారం మాత్రం తర్వాత కూడా నడిచింది.

2008 బీజింగ్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలోనూ ఇలాంటిదే. లిన్ మియావ్‌కే అనే తొమ్మిదేళ్ళ పాప ఎర్ర గౌనులో నిలబడి పాడినట్టు ప్రపంచమంతా చూసింది. గొంతు యాంగ్ పేయీ అనే ఏడేళ్ళ పాపది. గొంతు ఒకరిది, ముఖం ఒకరిది ఎంచుకున్నామని కార్యక్రమ సంగీత దర్శకుడే రేడియోలో చెప్పాడు. అక్కడ తప్పు ఆ ఇద్దరు పిల్లల్లో ఎవరిదీ కాదు.

వీటి పక్కన పెట్టి చూడాల్సింది 2009 జనవరి, ఒబామా ప్రమాణ స్వీకారం. వయొలిన్ మీద ఇట్జాక్ పెర్ల్‌మన్, చెల్లో మీద యో-యో మా, క్లారినెట్ మీద ఆంథనీ మెక్‌గిల్, పియానో మీద గాబ్రియేలా మోంతేరో. నలుగురూ ఉద్దండులే. జనానికి వినిపించింది మాత్రం రెండు రోజుల ముందు రికార్డు చేసింది. వాషింగ్టన్‌లో ఆ రోజు చలి గడ్డకట్టే స్థాయిలో ఉంది. అంత చలిలో తీగలు తెగొచ్చు, చెక్క బిగుసుకుంటుంది, వాయిద్యాలు శ్రుతిలో నిలవవు. ఈ సంగతి మన డప్పు కళాకారులకు ఎవరూ వివరించక్కర్లేదు. వినాయక చవితి ముసురులో తోలు వదులైపోతే మధ్యమధ్యలో గడ్డి మంట వేసి డప్పు కాచుకుంటారు. కాగిన డప్పు ఖంగుమంటుంది, చల్లారితే మళ్ళీ మంట దగ్గరికి. పెర్ల్‌మన్ తన వయొలిన్‌ను మంట దగ్గర కాచుకోలేడు కదా.

2006 ట్యూరిన్ శీతాకాల ఒలింపిక్స్‌లో ఇటలీ ఒపెరా గాయకుడు పావరోట్టి పాడిందీ ముందే రికార్డు చేసిందని ఆయన పోయాక సంగీత నిర్దేశకుడు లియోనే మజియేరా రాశారు. చలి ఒకటి, ఆయన ఆరోగ్యం ఒకటి. అది ఆయన చివరి ప్రదర్శన. 1991లో అమెరికా గాయని విట్నీ హ్యూస్టన్ సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) మైదానంలో జాతీయ గీతం ఆలపించినప్పుడు స్టేడియం విన్నది రికార్డే. 2013లో మరో గాయని బియాన్సే ఒబామా రెండో ప్రమాణ స్వీకారంలో ముందే రికార్డు చేసిన గొంతు వాడి, విమర్శలు వచ్చాక విలేకరుల సమావేశంలో అదే గీతాన్ని ఏ ట్రాకూ లేకుండా నిలబడి పాడి వినిపించి, అప్పుడు ప్రశ్నలు అడగమంది. రిహార్సల్‌కు టైమ్ దొరకలేదని ఒప్పుకుంది కూడా. పాడగలిగినవాళ్ళు కూడా ట్రాకు పెట్టుకుంటారనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

టీవీ వాళ్ళ ఒత్తిడి ఇంకో రకం. 2014 సూపర్ బౌల్‌లో రెడ్ హాట్ చిల్లీ పెప్పర్స్ బ్యాండు గిటార్లకు వైర్లే లేవని జనం కనిపెట్టారు. గొంతు మాత్రం లైవ్‌గా పెట్టి వాయిద్యాలు రికార్డువే వాడాలని నిర్వాహకులు షరతు పెట్టారని, వైర్లు తగిలించుకుని నటించడం ఇష్టం లేక ఊరికే వదిలేశామని బేస్ వాయించే ఫ్లీ తర్వాత చెప్పాడు. 2009లో ఇటలీ టీవీలో మ్యూజ్ అనే బ్రిటిష్ బ్యాండుకు ఇలాగే ట్రాకు మీద నటించాల్సి వస్తే, పాటగాడు వెళ్ళి డ్రమ్స్ దగ్గర కూర్చున్నాడు, డ్రమ్మర్ వచ్చి మైకు ముందు పాడినట్టు నటించాడు. యాంకర్‌కు తెలియనే లేదు, ఆ డ్రమ్మర్‌నే గాయకుడనుకుని ఇంటర్వ్యూ చేసింది.

మన స్టేజీ మీద ఏం జరుగుతుంది

బయటి సంగతులు వదిలి నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్ లాంటి చోటికి వద్దాం. సాయంత్రం ఆరింటికి ప్రోగ్రామ్ అని కరపత్రంలో ఉంటుంది. ఏడున్నరకు జ్యోతి ప్రజ్వలన. ఆ తర్వాత అతిథులు, శాలువాలు, జ్ఞాపికలు, ఒకరి తర్వాత ఒకరి ప్రసంగం. రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్లు బంద్ చేయాలని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పండగల వంటి సందర్భాల్లో అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉన్నా, అది ఏడాదికి పదిహేను రోజులు మించకూడదు. పాటలకు మిగిలేది గంటో గంటన్నరో. మధ్యలో ముఖ్య అతిథి వస్తే పాట ఆపాలి.

ఇప్పుడు సౌండ్ సిస్టమ్ వాళ్ళ టేబుల్ దగ్గర నిలబడి చూడండి. ఒక డ్రమ్ సెట్టుకే కిక్, స్నేర్, హైహ్యాట్, టామ్‌లు, పైన వేలాడే రెండు మైకులు కలిపి ఏడెనిమిది కావాలి. తబలాకు రెండు, డోలక్కుకు రెండు, ఫ్లూటుకు ఒకటి, కీబోర్డుకు రెండు లైన్లు, గిటారు, బేసు, ఇద్దరు గాయకులు, ఒక యాంకరు. లెక్కేస్తే ఇరవై దాకా తేలుతుంది. టేబుల్ మీదున్నదేమో పన్నెండు చానళ్ళ మిక్సర్, అందులో రెండు ప్రసంగాల మైకులకే పోయాయి. ఏ వాయిద్యం ఎంత వినపడాలో సరిచూసుకోవడానికి తక్కువలో తక్కువ గంట సౌండ్ చెక్ చేయాలి. ఆ గంటలో స్టేజీ మీద పూలదండలు కడుతుంటారు, ఫ్లెక్సీ బిగిస్తుంటారు, "హలో మైక్ టెస్టింగ్" అని రెండుసార్లు అనేలోపే ఎవరో వచ్చి భక్తి పాటలు పెట్టమంటారు.

ఇవన్నీ ఒక్క దెబ్బతో తీర్చేది పెన్‌డ్రైవ్. ఒక లైను పెట్టుకుంటే ఇరవై వాయిద్యాలు సమపాళ్ళలో కలిపి ఉన్న శబ్దం వచ్చేస్తుంది. ఎనిమిది మందికి బండి, భోజనం, పారితోషికం అక్కర్లేదు. కమిటీ కోశాధికారి మొహంలో వెలుగు చూడాలి. కాబట్టి మైనస్ ట్రాకు మన దగ్గర గాయకుల బద్ధకంతో వచ్చింది కాదు. ముప్పాతిక వంతు బడ్జెట్‌తో వచ్చింది, మిగతాది ప్రసంగాలతో.

ఫుల్ ట్రాకు దాకా ఎందుకు జారుతుందంటే దానికి ఇంకో కారణం ఉంది. సినిమా పాట ఇప్పుడు స్టూడియోలో లైను లైనుగా, ఒక్కోసారి పదం పదంగా రికార్డవుతుంది. తర్వాత శ్రుతి సరిచేస్తారు. ఆటో-ట్యూన్ అనే ఆ సాఫ్ట్‌వేర్ 1997లో వచ్చింది. తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు కంపెనీల కోసం భూమి లోపలి నుంచి తిరిగొచ్చే తరంగాలను విశ్లేషించే పని చేసిన ఇంజనీరు. అలా చెక్కి చెక్కి తయారైన పాటను ఊపిరి తీసుకునే చోటు కూడా లేకుండా అతికిస్తే, అదే గాయకుడు స్టేజీ మీద దాన్ని అలా పాడలేడు. పాడితే "రికార్డులో ఉన్నట్టు లేదు" అంటాం. పాడకుండా రికార్డే పెడితే "అంతా ట్రాకే" అంటాం. రెండు తిట్లూ మనవే. పైగా డాన్సు చేస్తూ పాడాలి. ఎవరికైనా అనుమానముంటే ఇంట్లో మూడు నిమిషాలు తీన్‌మార్ ఆడి, ఆ రొప్పుతోనే ఒక పల్లవి అందుకుని చూడండి.

పట్టుకోవడం ఎలా

పెదాలు కలవకపోవడం పెద్ద సాక్ష్యమనుకుంటారు. అది అన్నిటికంటే బలహీనమైన సాక్ష్యం. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. బాక్సులు స్టేజీ పక్కనే పెట్టి, మీరు నలభై మీటర్ల వెనక నిలబడితే శబ్దం మీ దగ్గరికి వచ్చేసరికి సెకనులో ఎనిమిదో వంతు ఆలస్యమవుతుంది. మాట పెదవి కంటే అంత వెనకబడితే మన మెదడు పసిగట్టేస్తుంది. అంటే మైదానం వెనక సగంలో ఉన్నవాళ్ళందరికీ గాయకుడు లిప్ సింక్ చేస్తున్నట్టే కనిపిస్తాడు, ఎంత నిజాయితీగా పాడినా సరే. ఎల్ఈడీ స్క్రీను దీనికి తిరకాసు. కెమెరా నుంచి స్క్రీను దాకా బొమ్మ ప్రయాణించేలోపు కొంత ఆలస్యం చేరుతుంది, ముందు వరసల వాళ్ళకు మాటే ముందొచ్చి పెదవి తర్వాత కదులుతుంది. ఫోన్లో తీసి, వాట్సాప్‌లో నలిగి, బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లో విన్నాక ఇక ఏది ఎక్కడుందో ఆ దేవుడికే తెలియాలి.

"అచ్చం రికార్డులాగే ఉంది" అన్నదీ నిలవదు. బాగా సాధన చేసిన గొంతు అలాగే ఉండొచ్చు. శ్రుతి సవరించే యంత్రాలు ఇప్పుడు లైవ్‌లో కూడా పనిచేస్తాయి. గాయకుడు పాడుతుండగానే కాస్త తప్పిన స్వరాన్ని సరైన చోటికి లాగుతాయి. ఆయన పాడింది నిజం, మనం విన్నది మరమ్మతు చేసింది. దీన్ని ఏ గాటన కట్టాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

మరి దేన్ని చూడాలి? మైకునూ నోటినీ చూడండి. స్టేజీ మీద వాడే మామూలు చేతి మైకు నోటికి దగ్గరైనకొద్దీ గొంతు బరువుగా, మందంగా మారుతుంది. దూరమైనకొద్దీ పల్చబడుతుంది. "ప", "భ" అక్షరాల దగ్గర గాలి కొట్టి టప్ మంటుంది. తల పక్కకు తిప్పితే ఒక మాట సగం ఎగిరిపోతుంది. ఇవన్నీ లోపాలే, కానీ బతికున్న మైకు గుర్తులు. గాయకుడు మైకును చాతీ దగ్గరా, నోటి దగ్గరా ఎక్కడ పెట్టినా గొంతు వీసమెత్తు మారకుండా వస్తుంటే అనుమానించొచ్చు.

ఇంకా మంచి పరీక్ష ఒకటుంది. పాట మధ్యలో ఆయన "నల్లగొండ, ఎట్లున్నరు?" అని అరుస్తాడు కదా, ఆ అరుపునూ ఆ వెంటనే వచ్చే పాట లైనునూ పోల్చి వినండి. అరుపులో మైదానం గాలి ఉంటుంది, రొప్పు ఉంటుంది. తర్వాతి లైనులో కూడా అదే రొప్పు వినపడితే లైవ్. అరుపేమో ఊరి బయట నుంచి వచ్చినట్టుండి పాట మాత్రం అద్దాల గదిలోంచి వచ్చినట్టుంటే, రెండూ ఒకే మైకులోంచి రావడం లేదు. మైకు దించినా పాట సాగిందంటే ట్రాకులో గొంతు ఉందని ఖాయం. అయితే అది సన్నని గైడా, పూర్తి పాటా అన్నది, మైకు దించగానే శబ్దం ఎంత తగ్గిందన్న దాన్నిబట్టి చెప్పాలి. పది సెకన్ల వీడియోలో అది తెలియదు. అదే గాయకుడు రెండు ఊళ్ళలో పాడిన వీడియోలు దొరికి, రెంటిలోనూ ఒకేచోట గొంతు జీర పోయి, ఒకేచోట అదే "హే" వినపడితే ఇక వాదన అనవసరం.

అన్నిటికంటే తేలిక మార్గం మాత్రం "వన్స్ మోర్". ఆర్కెస్ట్రా ఉంటే గాయకుడు వెనక్కి తిరిగి ఒక సైగ చేస్తాడు, పల్లవి మళ్ళీ అక్కడికక్కడే మొదలవుతుంది. ట్రాకైతే ఆపాలి, మళ్ళీ మొదటి నుంచి పెట్టాలి.

మన కిన్నెరకు ట్రాకు కుదరదు

ఈ వన్స్ మోర్ దగ్గరే నాకు అసలు సంగతి దొరుకుతుంది. పద్మశ్రీ దర్శనం మొగులయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగ సాయన్న కథనో, మియాసాబ్ కథనో చెప్పేటప్పుడు పాట పొడవు ముందే తేలి ఉండదు. జనం ఊపు మీదుంటే సాగుతుంది, లేకపోతే కుదించుకుంటుంది. గొంతు ఆగిన చోట కిన్నెర పలుకుతుంది, కిన్నెర ఆగిన చోట గొంతు. నారాయణపేట జిల్లా దాసరి కొండప్ప బుర్రవీణ కూడా అంతే. ఒగ్గు కథలో వంతపాడేవాడు ముందు వరసలో కూర్చున్న పటేలు మీద అప్పటికప్పుడు జోకు వేస్తాడు, కథ ఆ జోకు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి మళ్ళీ దారిలో పడుతుంది. వీటికి ట్రాకు చేయాలంటే ఆ ఊరికీ ఆ రాత్రికీ విడిగా చేయాలి.

లైవ్ అంటే నా దృష్టిలో ఇదీ. ఊపిరితిత్తుల శ్రమ చూడటానికి ఎవరూ టికెట్ కొనరు. మనం అక్కడ ఉండటం వల్ల పాట కొంచెమైనా మారే వీలుందా అన్నదే లెక్క. మైనస్ ట్రాకులో ఆ వీలు సగం పోతుంది. వేగం, పొడవు ముందే ఖాయమైపోయాయి, గొంతుకు మాత్రం కాస్త స్వేచ్ఛ మిగిలింది. ఫుల్ ట్రాకులో అదీ లేదు.

మన దగ్గర ఈ ఆరోపణ ఎక్కువ మంట పెట్టడానికి కారణం కూడా ఉంది. తెలుగు సినిమాలో హీరో పెదాలు ఆడిస్తాడని, గొంతు ఘంటసాలదో బాలసుబ్రహ్మణ్యందో అని పుట్టినప్పటి నుంచీ తెలుసు. అందులో దాపరికం లేదు. గాయకుల పేర్లు టైటిల్స్‌లో పడ్డాయి, రేడియోలో చెప్పారు. ఆ గొంతు మనిషిని కళ్ళారా చూడటానికే పాట కచేరీకి వెళ్ళేవాళ్ళం. తెరమీద పాడని హీరోకు బదులుగా నిలబడే సాక్షి గాయకుడే. ఆయన కూడా పెదాలే ఆడిస్తే ఇంకెవర్ని చూడాలి?

ఎవరూ వేలెత్తి చూపని చోటు ఒకటుంది. బతుకమ్మ ఆట. ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్ళు "ఉయ్యాలో" అని అందుకునే పాట అది. ఎత్తుకున్నామె ఇష్టాన్నిబట్టి చరణాలు పెరిగేవి, మధ్యలో ఊళ్ళో సంగతులు కూడా దూరేవి. ఇప్పుడు చాలాచోట్ల డీజే బాక్సులు పాడుతుంటాయి. ఆడవాళ్ళు చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడతారు, తెలిసిన ముక్క వచ్చినప్పుడు పెదాలు కదుపుతారు. పాటలొచ్చిన పెద్దామె అరుగు మీద కూర్చుని చూస్తుంటుంది. బాక్సు వేగం పెంచితే అడుగు వేగం పెరుగుతుంది. ఫుల్ ట్రాకు మీద మొత్తం ఊరే లిప్ సింక్ చేస్తున్నట్టు. డీజే వద్దని నేననను, యువతకు అదే హుషారు. కానీ ఒక గాయకుణ్ణి పది సెకన్ల వీడియోతో ఉతికి ఆరేసే ముందు, మన వాకిట్లో గొంతులు ఎప్పుడు మూగబోయాయో కూడా చూసుకోవచ్చు.

చట్టం ఎంతవరకు వస్తుంది

తుర్క్‌మెనిస్తాన్ అధ్యక్షుడు నియాజోవ్ 2005లో లిప్ సింక్‌ను ఏకంగా నిషేధించాడు. టీవీలో, కచేరీల్లోనే కాదు, పెళ్ళిళ్ళలో కూడా వద్దన్నాడు. ఆస్ట్రేలియాలో 2009లో బ్రిట్నీ స్పియర్స్ కచేరీల మీద గొడవ లేచినప్పుడు, ముందే రికార్డు చేసిన గొంతు వాడితే టికెట్ మీద ఆ ముక్క ముద్రించాలన్న ఆలోచనను న్యూ సౌత్ వేల్స్ మంత్రి ఒకరు ముందుకు తెచ్చారు. యూరప్ దేశాల పాటల పోటీ యూరోవిజన్‌లో సంగీతం ట్రాకు మీద రావొచ్చు, ప్రధాన గొంతు మాత్రం లైవ్‌గా ఉండాలన్నది నియమం. నాకు ఈ చివరిదే సబబుగా తోస్తుంది.

మన దేశంలో లిప్ సింక్ కోసం విడిగా చట్టం లేదు. అయితే టికెట్ కొన్నవాడు వినియోగదారుడే. "లైవ్" అని పోస్టర్ వేసి డబ్బు తీసుకుని రికార్డు వినిపిస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని తప్పుదోవ పట్టించే ప్రకటనల నిబంధనలను పట్టుకుని జిల్లా కమిషన్ తలుపు తట్టే వీలుంది. ఉచిత ప్రోగ్రాముకు ఆ దారి కూడా లేదు. ఇక ఒకరి గొంతుకు ఇంకొకరు పెదాలు ఆడిస్తే, ఆ గొంతు తనదేనని చెప్పుకునే హక్కు పాడినవాళ్ళకు ఉంటుంది. 2012 సవరణలో కాపీరైట్ చట్టానికి చేర్చిన 38బి సెక్షన్ ఆ హక్కును ఇచ్చింది. మిల్లి వనిల్లి కథ ఇక్కడ జరిగి ఉంటే దాని గురించే మాట్లాడుకునేవాళ్ళం.

చట్టం దాకా వెళ్ళకుండా తేల్చుకునే చోటు అడ్వాన్స్ ఇచ్చే రోజు. ఇప్పుడు కమిటీలు గాయకుడి పేరు, తేదీ, మొత్తం మాత్రమే రాసుకుంటున్నాయి. ఆర్కెస్ట్రాతోనా మైనస్ ట్రాకుతోనా, ట్రాకులో గొంతు ఉంటుందా ఉండదా, వాయించేవాళ్ళు ఎంతమంది, సౌండ్ చెక్‌కు స్టేజీ ఎన్నింటికి ఖాళీగా ఇస్తారు అన్న నాలుగు లైన్లు అదే కాగితం మీద చేర్చాలి. దాని నకలు ఒకటి సౌండ్ సిస్టమ్ వాళ్ళకిస్తే పన్నెండు చానళ్ళ మిక్సర్ తేవాలో, ఇరవై నాలుగుది తేవాలో వాళ్ళకు తెలుస్తుంది. పోస్టర్ మీద కూడా గాయకుడి ఫొటో కింద "లైవ్ ఆర్కెస్ట్రాతో" అనో, "ట్రాకు మీద లైవ్ గానం" అనో చిన్న అక్షరాల్లో వేయొచ్చు. ఫ్లెక్సీ మీద ఇరవై మంది నాయకుల ఫొటోలకు దొరికే చోటులో ఈ ఒక్క లైను పట్టకపోదు.